దొరగారి కుడి పాదం

నాకు అనుమానం ఎక్కువని ఇంటా బయటా పేరు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ, "పాలలో నీళ్ళు కలిశాయేమోనని అందరూ చూస్తారు, నువ్వు నీళ్ళలో ఏం కలిశాయోనని చూసే మనిషివి" అని వేళాకోళం చేసేవారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ గుణమే నాకు ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది. ప్రభుత్వ మ్యూజియంలో పాత తైలవర్ణ చిత్రాలకు మరమ్మతు చేయడం నా ఉద్యోగం. చిరిగిన కాన్వాసు అతకాలి, నల్లబడిన వార్నిషు తీయాలి, రాలిపోతున్న రంగును నిలబెట్టాలి. వీటన్నిటికన్నా ముందు, వచ్చిన బొమ్మ అసలుదో నకలో తేల్చాలి. చెప్పిందల్లా నమ్మే మనిషికి ఈ పని పనికిరాదు.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ రసాయనం ఎంత కలపాలి, ఏ కుంచె వాడాలి అని అడుగుతారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి అంటాను. నేను చెప్పేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక దొరగారి సంగతి. ఈ కథలో ఎవరి పేరూ ఉండదు. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

మా దగ్గరకు వచ్చే చిత్రాల్లో జమీందార్లవే ఎక్కువ. మొదట్లో నేనూ అందరిలాగే ఆ తలపాగాలు, ముత్యాలు చూసి నోరు తెరిచినదాన్నే. నాలుగు బొమ్మలు చేతుల మీదుగా వెళ్ళాక అసలు సంగతి బోధపడింది. ఒక దొరగారు లావుపాటి ఇంగ్లీషు పుస్తకం వేలు పెట్టి మూసి పట్టుకుని ఉంటారు, ఇప్పుడే చదవడం ఆపినట్టు. ఆయనకు అక్షరం ముక్క రాదని ఆ ఇంటి మనవరాలే నవ్వుతూ చెప్పింది. ఇంకో దొరగారు ఒర నుంచి సగం దూసిన కత్తితో నిలబడ్డారు. ఆయన వంటింట్లో కోడిని కోస్తుంటే చూడలేక పెరట్లోకి పోయేవారట. చిత్రకారుడికి తిండి పెట్టి, బస ఇచ్చి, బొమ్మ వేయించుకునేది ఉన్నదాన్ని చూపించడానికి కాదు, లేనిదాన్ని ఉందనిపించడానికి. హోదా అంతా కోటులో, కుర్చీలో, వెనక తెర మడతల్లో ఉంటుంది. మనిషి మాత్రం ఎక్కడో ఓ మూల దాక్కుని ఉంటాడు. ఏది ముందుకు తోసి చూపిస్తున్నారో అక్కడే లోటు వెతకాలని నా లెక్క. ఆ లెక్క అప్పటికి నాకు సగమే వచ్చు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. ఉద్దానం తీరంలో కొబ్బరితోటల మధ్య ఒక చిన్న జమీందారీ వారి వేసవి బంగళా ఉండేది. తుపానుకు దాని పెంకులు సగం లేచిపోయాయి. హాల్లో వేలాడుతున్న దొరగారి నిలువెత్తు చిత్రాన్ని మ్యూజియానికి ఇచ్చేస్తామని ఆయన మనవడు, విశాఖపట్నంలో ఉండే పెద్దమనిషి, కబురు పెట్టాడు. మా అధికారి, ఫొటోగ్రాఫరు, నేను బయలుదేరాం. మా అధికారి మంచివారే. కాకపోతే జమీందార్ల పేరు చెబితే ఆయన నడుము దానంతటదే వంగేది. వాళ్ళ తాతగారు ఏదో దివాణంలో గుమాస్తాగా చేశారట, ఆ వంపు వంశపారంపర్యం అనేవాడు మా ఫొటోగ్రాఫరు. ఈ ఫొటోగ్రాఫరు నాకంటే చాలా చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. ప్రపంచంలో దేన్నీ అనుమానించేవాడు కాదు, హోటల్లో వడలు ఎప్పటివో తప్ప.

పలాస స్టేషన్లో దిగి కాశీబుగ్గ మీదుగా జీపులో వెళ్ళాం. జీడిపిక్కలు కాల్చే పొగ వాసన ఊరు దాటేదాకా వెంటే వచ్చింది. ఫొటోగ్రాఫరు జీపు ఆపించి జీడిపప్పు పొట్లం కట్టించుకుని దారంతా నములుతూ కూర్చున్నాడు. ఉద్దానం దగ్గరపడేసరికి నేల ఇసుకగా మారింది. ఎటు చూసినా తల మొవ్వులు విరిగిన కొబ్బరిచెట్లే. బంగళా హాల్లో పైకప్పుకు టార్పాలిన్ కట్టారు. దాని కింద, అంత వానకూ ఒక్క చుక్క పడకుండా, దొరగారు నిలబడి ఉన్నారు.

ఎర్ర మఖమలు కోటు, దానిమీద జరీ పని, తలపాగాకు తురాయి, మెడలో ముత్యాల పేటలు. వెనక మడతలు పడిన తెర, పాలరాతి స్తంభం. పక్కన బల్ల మీద భూగోళం, దానిమీద ఎడమ చెయ్యి. ముఖం గుండ్రంగా, మెత్తగా, ఇప్పుడే భోజనం చేసి లేచినట్టుంది. కింద పులిచర్మం పరిచారు. పంచె కాస్త పైకి పట్టి, కుడి పాదాన్ని పులి తలమీద పెట్టారు. జోడు లేదు. ఉత్త పాదం.

"చూశావమ్మా! పులి నెత్తిన పాదం! రాజసం అంటే అదీ," అన్నారు మా అధికారి.

"ఆ పులిని ఎవరు కొట్టారో సార్," అన్నాను.

"నీతో వచ్చిన చిక్కే ఇది," అని ఆయన అవతలకు వెళ్ళిపోయారు.

నేను భూతద్దం తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాను. పైనుంచి కిందిదాకా పాత రంగే. పగుళ్ళు వయసుకు తగ్గట్టు సన్నగా, వల అల్లినట్టు ఉన్నాయి. కానీ కుడి కాలి వేళ్ళ దగ్గరకు వచ్చేసరికి వెలుగు వేరుగా ఉంది. దూది చుట్టిన పుల్లతో ఒక మూల తాకి చూశాను. ఎనామిల్ రంగు. కొట్ల తలుపులకు, ఇనప గేట్లకు వేసేది. ఎవరో ఈమధ్యే అయిదు వేళ్ళకూ నున్నగా పూశారు. ఇంకా చూస్తే పాదమే తేడాగా ఉంది. ముఖం చూస్తే చెంబెడు నీళ్ళు ఎత్తని మనిషి, పాదం చూస్తే కండలు తేలి, నరాలు ఉబ్బి, లోపలివైపు నల్లగా కాయ కాసి ఉంది.

తల తిప్పితే వెనకాల బంగళా కాపలాదారు నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. భుజమ్మీద తుండు, చేతిలో చీపురు. బంగళా వెనక ఒక చిన్న గదిలో ఒక్కడే ఉంటాడట. నేను పుల్ల పట్టుకుని వేళ్ళ దగ్గరకు వంగినప్పుడల్లా ఆయన ఒక అడుగు ముందుకు వేస్తున్నాడు.

"తాతా, ఈ వేళ్ళకు రంగు ఎవరేశారు?" అని అడిగాను.

"నాకేటీ తెల్దమ్మా," అన్నాడు. అంటూనే ఊడ్చిన చోటే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టాడు. తెలుసని నాకు అర్థమైపోయింది.

బయట వరండా నీడలో అక్కుపల్లి నుంచి చేపలమ్మడానికి వచ్చిన ఒకామె గంప దింపుకుని కూర్చుంది. నన్ను చూసి తనే పలకరించింది. "ఏటమ్మా, దొర బొమ్మ ఒట్టుకెల్లిపోడానికొచ్చేరా?"

"అవునమ్మా. ఏం?"

"ఏటీ నేదు. ఆ ముసిలోడ్ని ఓపాలి అడగండి. రోజూ పొద్దున తలుపేసీసుకొని ఆ బొమ్మ కాడ ఏటో సేత్తాడు. మొన్న తుపాను గాలికి ముందర కాశీబుగ్గ నుంచి ఓ రంగులోడ్ని తెచ్చీసి, రోజల్లా ఇద్దరూ లోపలే ఉండిపోనారు."

"ఏం చేశారు?"

"నాకేటి తెలుస్తాది, సేపలమ్ముకునీదాన్ని. నాను సెప్పినానని మట్టుకు అనకండేం," అని గంప నెత్తికెత్తుకుంది. చెప్పాల్సిందంతా చెప్పేసి చెప్పానని అనొద్దనడం మా వైపు వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. నాది టెక్కలే కాబట్టి అనగలుగుతున్నాను.

మధ్యాహ్నానికి మనవడు కారులో వచ్చాడు. ఇస్త్రీ నలగని లాల్చీ, మెత్తటి మాట. రంగు సంగతి మా అధికారి చెప్పగానే ఆయన ఆశ్చర్యపోలేదు. ఆ ఆశ్చర్యపోకపోవడం నాకు నచ్చలేదు. "నేను అనుకుంటూనే ఉన్నాను. అసలు బొమ్మను ఎవరికో అమ్మేసి నకలు పెట్టి ఉంటాడు. వెనక గది ఖాళీ చెయ్యమంటే చెయ్యడు. మా తాతగారు వాళ్ళ నాన్నకు ఇచ్చారంటాడు. ఎందుకు వదలడో ఇప్పుడు తెలిసింది," అన్నాడు.

"సార్, పగుళ్ళు పాతవి," అన్నాను మా అధికారితో.

"పగుళ్ళు కూడా చేస్తున్నారమ్మా ఈ రోజుల్లో. నువ్వే కదా ఆ మాట చెప్పావు?"

చెప్పింది నేనే. కాదనలేకపోయాను. పైగా ముఖం ఒకరిది, పాదం ఒకరిది అన్నట్టుంది బొమ్మ. నకలు వేసినవాడు కిందిభాగానికి ఎవరో కూలివాణ్ణి నిలబెట్టుకుని ఉంటాడని నాకూ అనిపించింది. ఎల్లుండి పోలీసులను తీసుకొస్తానని, ఈలోగా ఏ సంగతో తేల్చి నివేదిక రాయమని మనవడు చెప్పి వెళ్ళాడు. గుమ్మంలో చెప్పులు విడిచినచోట నిలబడి ఇదంతా విన్నాడు ముసలాయన.

"నాను దొంగని కానమ్మా," అన్నాడు, వాళ్ళు వెళ్ళాక.

"మరి ఆ రంగు ఎందుకు వేయించావో చెప్పు."

ఆయన బొమ్మ వైపు చూశాడు. అప్పుడు ఒకటి గమనించాను. ఆ చూపు దొరగారి ముఖం దాకా వెళ్ళలేదు. మోకాళ్ళ కిందే ఆగిపోయింది.

ఆ పూట టెక్కలిలో మా అన్నయ్య ఇంట్లో దిగాను కానీ అన్నం సయించలేదు. మనవడి మాట నిజమైతే ముసలాయన దొంగ. దొంగ అయితే కాశీబుగ్గ నుంచి రంగులు వేసేవాణ్ణి ఊరంతా చూస్తుండగా తీసుకొస్తాడా? కాకపోతే నోరు విప్పడెందుకు? నిజానికి నాకు ఎవరి మీదా నమ్మకం కుదరలేదు. ముసలాయన మీద, మనవడి మీద, చేపలామె మీద, చివరికి నా భూతద్దం మీద కూడా. మీలో కొందరికి అనుమానం చెడ్డగుణమని పెద్దలు చెప్పి ఉంటారు. నేను ఒప్పుకోను. అనుమానాన్ని సగంలో ఆపేయడమే చెడ్డది. ఒకడి మీదే పడి అక్కడే ఆగిపోయిన అనుమానం కొంపలు కూలుస్తుంది. అందరి మీదా సమంగా పడనిస్తే ఎప్పుడో ఒకప్పుడు నిజం దగ్గరకు చేరుస్తుంది.

మర్నాడు ఆటోలో కాశీబుగ్గ వెళ్ళి బోర్డులు రాసే ఆర్టిస్టును వెతికి పట్టుకున్నాను. కష్టమేమీ కాలేదు. బజారులో రంగు డబ్బాల మధ్య కూర్చుని జీడిపప్పు కొట్టు బోర్డు రాస్తున్నాడు. సంగతి చెప్పగానే కుంచె కిందపెట్టేశాడు.

"ఓర్నాయనో. నన్ను ఇరికించీకండి మేడమ్. నాను కాలి వేల్లు మట్టుకే ఏసినాను."

"అన్ని వేళ్ళూనా?"

"కుడి కాలివి. అరిగిపోయి గుడ్డ కనబడిపోతంటే తాత బతిమాలీసేడు. మెరుపు రంగు తప్ప నా కాడ ఏటుంది? అదే ఏసీసినాను. ముకం కూడా నల్లబడిపోనాది తాతా, అదీ సేసీమంటావా, ఊరికే సేసెత్తాను అని నానే అన్నాను."

"ఏమన్నాడు?"

"ముకం జోలికి ఎల్లకు బాబూ, అది మనది కాదు అన్నాడు."

నేను అక్కడే ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాను. దొంగ అయితే అరిగిన వేళ్ళను బాగుచేయించడం ఎందుకు? బొమ్మ గాలికి పాడవుతుంది, ఉప్పుకు పాడవుతుంది, తడికి పాడవుతుంది. కానీ అయిదు వేళ్ళ దగ్గర మాత్రమే అరగదు. ఏదో పదే పదే తాకితే తప్ప.

బంగళాకు తిరిగి వచ్చేసరికి ఫొటోగ్రాఫరు వరండాలో పాత ఫొటోలు పరిచి కూర్చున్నాడు. దొరగారి ముఖంతో బొమ్మను పోల్చడానికి మనవడు ఇచ్చిన ఫొటోలవి. ఒకదాంట్లో దొరగారు కుర్చీలో కూర్చున్నారు, మోకాళ్ళ నుంచి కిందికి శాలువా. ఒకదాంట్లో కాళ్ళ ముందు పెద్ద కుక్క. ఒకదాంట్లో ఇంటి పిల్లలందరినీ ఆయన పాదాల ముందు బారుగా కూర్చోబెట్టారు.

"అక్కా, ఈయనకి అసలు కాళ్ళున్నాయంటావా?" అని నవ్వి, ఇంకో జీడిపప్పు నోట్లో వేసుకున్నాడు.

వాడు వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం మా మేనత్త గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు ఆ తీరం ఊళ్ళలో బోదకాలు లేని వీధి ఉండేది కాదు. మా మేనత్తకూ ఉండేది. ఫొటో తీయించుకోవడానికి వెళ్తే చీర కుచ్చిళ్ళు నేలమీద జీరాడేలా లాగి నిలబడేది. ఫొటోలన్నిటిలో పాదాలు దాచుకున్న మనిషి, బొమ్మలో మాత్రం జోడు విప్పి, పంచె పైకెత్తి, పులి నెత్తిన పెట్టి మరీ చూపిస్తున్నాడు. ఏది ముందుకు తోసి చూపిస్తున్నారో అక్కడే లోటు వెతకాలని తెలిసినదాన్ని, ఆ పాదం ముందు మోకాళ్ళ మీద కూర్చుని కూడా చూడలేకపోయాను!

ఆ మర్నాడే పోలీసులు రావాల్సిన రోజు. నేను వెళ్ళేసరికి మనవడు, హెడ్ కానిస్టేబులు వరండాలో కొబ్బరిబొండాలు తాగుతున్నారు. మా అధికారి నివేదిక రాయడానికి కలం తీసి సిద్ధంగా ఉన్నారు. ముసలాయన మెట్ల పక్కన ఉన్నాడు. బట్టలు మూట కట్టేసుకుని పక్కన పెట్టుకున్నాడు. ఆ మూట చూసి నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. ఆఖరి పరీక్ష ఒకటి మిగిలింది, ఎవరూ లోపలికి రావద్దు అని చెప్పి, ముసలాయన్ని హాల్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

ఉద్యోగంలో పడ్డాక పోయిన మా ఊరి యాస ఎక్కడి నుంచో నోటికొచ్చేసింది. "తాతా, ఇలగ కూకో. బయట పోలీసోల్లున్నారు. నువ్వు సెప్పకపోతే నానేటీ సెయ్యలేను. దొరగారికి బోదకాలు, అవునా?"

ఆయన చెయ్యి నా నోరు మూయబోయి మధ్యలో ఆగిపోయింది. "తల్లీ, ఆ మాట ఈ ఇంట్ల అనకండి. ఇన్నాల్లూ ఎవులూ అన్నేదు."

"మరి ఈ కాళ్ళు ఎవరివి?"

లేచి తలుపు దగ్గరగా ఉందో లేదో చూసొచ్చాడు. "మా అయ్యవి," అన్నాడు.

ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. "బొమ్మలేసీ ఆయన ఎక్కడి నుంచో వచ్చేడమ్మా. ఏసవంతా ఇక్కడే ఉన్నాడు. దొరగారు కుర్చీల కూకొని ముకం మట్టుకు ఇచ్చీవోరు. నిలబడ్డానికి మా అయ్యని ఎట్టేరు. మా అయ్య కొబ్బరి సెట్లెక్కీవోడు. కాళ్ళు సూసి దొరగారే ఏరుకున్నారంట. ఆ కోటు, ఆ పాగా, ముత్యాలు, అన్నీ మా అయ్యకే తొడిగేరు. మా అమ్మ నీళ్ళకుండ ఒట్టుకొచ్చి కిటికీలోంచి సూసి, దొరగారే నిలబడ్డారనుకొని కుండ దింపీసి దొరా అని దండం ఎట్టీసింది. మా అయ్య సచ్చీదాకా ఆ మాటకి నవ్వీవోడు. పెల్లాం సేత దొరా అనిపించుకున్నోడ్ని ఈ ఉద్దానంల నానొక్కడినే అనీవోడు."

ఆయనా నవ్వబోయాడు కానీ కళ్ళు నిండిపోయాయి. "బొమ్మ అయిపోనాక దొరగారు మా అయ్య సేత ఒట్టేయించుకున్నారు. ఈ మాట గుమ్మం దాటకూడదు, నువ్వూ నీ పిల్లలూ ఎనక గదిల ఉండండి అన్నారు. మా అయ్య నాకు సెప్పి, నా సేతా ఒట్టేయించేడు. తరవాత ఓ రోజు సెట్టు మీంచి పడిపోనాడు. నానప్పటికి సిన్న గుంటడ్ని. ఫొటో నేదు, ఏటీ నేదు. ముకం కూడా ఇప్పుడు సరిగ్గా గేపకం రాదు తల్లీ. ఈ కాళ్ళే ఉన్నాయి. రోజూ పనికెల్లీముందు ముట్టుకొని దండం ఎట్టుకుంటాను. ముట్టి ముట్టి ఏల్లు అరిగిపోనాయి. మా అయ్య ఏల్లు నానే అరగదీసీసినానని బాదనిపించి రంగేయించేను. అది దొంగతనవేటి?"

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, చెప్పడానికి సిగ్గుపడను, మళ్ళీ అనుమానం వచ్చింది. ఇదంతా అల్లిన కథ అయితే? కళ్ళు తుడుచుకుని, "తాతా, ఇలా వచ్చి బొమ్మ పక్కన నిలబడు," అన్నాను. ఎవరూ ముట్టని ఎడమ పాదం దగ్గర భూతద్దం పెట్టాను. చిటికెన వేలు పక్కవేలి మీదకు ఎక్కి ఉంది. కింద నేలమీద ముసలాయన ఎడమ పాదం చూశాను. చిటికెన వేలు పక్కవేలి మీదకు ఎక్కి ఉంది. ఆ చిత్రకారుడు ఎవరోగానీ, యజమాని చెప్పిన అబద్ధమంతా ఒద్దికగా వేసి, నిజాన్ని కింద ఆ మూలన ఉన్నది ఉన్నట్టు వదిలిపెట్టాడు.

ఇప్పుడు నాకు మిగిలింది ఒక్కటే చిక్కు. నిజం చెబితే ముసలాయన ఒట్టు పోతుంది, చెప్పకపోతే ముసలాయన పోతాడు. తలుపు తీసి మనవణ్ణి ఒక్కణ్ణే వరండా చివరకు పిలిచాను.

"ఒప్పుకున్నాడా?" అన్నాడాయన.

"బొమ్మ అసలుదేనండి. సందేహం లేదు. కానీ నివేదికలో ఒక సంగతి వివరంగా రాయాల్సి వస్తోంది. మిమ్మల్ని అడిగి రాద్దామని."

"ఏమిటది?"

"దొరగారి ఫొటోలన్నీ చూశాను. పాదాలు ఎక్కడా లేవు. బొమ్మలో మాత్రం ఉత్త పాదం చాచారు. చూసేవాళ్ళు ఎందుకని అడుగుతారు కదా. ఏం రాయమంటారు?"

ఆయన ముఖంలో రంగు మారడం స్పష్టంగా చూశాను. రంగులు చూడడమే నా పని. ఆయనకు తెలుసు. ముందునుంచీ తెలుసు. ఆ పాదం తన తాతగారిది కాదని తెలిసే, వెనక గది ఖాళీ చేయించడానికి బొమ్మ నకలని అనగలిగాడు.

"అవన్నీ రాయక్కర్లేదు," అన్నాడు, గొంతు తగ్గించి.

"నాకూ రాయాలని లేదండి. కానీ కాపలాదారు మీద కేసు పెడితే కోర్టులో నన్ను పిలుస్తారు. అడిగితే చెప్పక తప్పదు."

ఆయన హెడ్ కానిస్టేబులు దగ్గరకు వెళ్ళి, ఏదో పొరపాటు జరిగిందని, శ్రమ ఇచ్చామని, ఇంకో బొండాం తాగి వెళ్ళమని చెప్పాడు. నేను వదల్లేదు. "మరి వెనక గది?" అన్నాను.

"ఉండమనండి. తాతగారు ఇచ్చిన మాట," అన్నాడు. ఆ బొమ్మలోని తాతగారి పరువుకు ఎంత బరువుందో ఆ రోజే చూశాను. కొబ్బరిచెట్లెక్కే మనిషి కొడుకు తలమీద కప్పు నిలబెట్టింది అదే.

నివేదికలో, కుడి పాదం వేళ్ళ దగ్గర చాలా ఏళ్ళుగా భక్తితో తాకడం వల్ల రంగు అరిగింది, ఈమధ్య ఎవరో అమాయకంగా ఎనామిల్ పూశారు అని రాశాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అది చదివి మా అధికారి కళ్ళు తడి చేసుకున్నారు. "చూశావా, దొరగారి పాదాలంటే ప్రజలకు ఎంత భక్తో!" అన్నారు. నేను తల ఊపాను. ఫొటోగ్రాఫరు నా వైపు ఓరగా చూశాడు. వాడికి అనుమానం రావడం అదే మొదటిసారి అనుకుంటాను.

బొమ్మను గోడమీంచి దింపి లారీ ఎక్కిస్తుంటే ముసలాయన పక్కనే నడిచాడు. "ముకం మీరు ఒట్టుకెల్లిపోండమ్మా. కాళ్ళు మట్టుకు ఇక్కడ ఒగ్గీసి ఎల్లనేరా?" అన్నాడు. అని, తన మాటకు తనే నవ్వుకుని, చటుక్కున వంగి పాదం ముట్టుకుని తప్పుకున్నాడు. మ్యూజియానికి వచ్చి ఎప్పుడైనా చూసుకోవచ్చని చెప్పాను. అక్కడ ముట్టుకోనిస్తారా అని అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఎనామిల్ తీసేశాను. కింద కాన్వాసు పోగులు బయటపడ్డాయి. నెలల తరబడి కూర్చుని అయిదు వేళ్ళకూ పాత రంగు ఎలా ఉండేదో అలాగే నింపాను. నా చేతిపనిలో అంత ఇష్టంగా చేసింది ఇంకోటి లేదు. తర్వాత బొమ్మను హాల్లో తగిలించేటప్పుడు ఎంత ఎత్తులో పెట్టాలన్న తగాదా వచ్చింది. దొరగారి ముఖం సందర్శకుల కన్నా పైన ఉండాలని మా అధికారి. ఫ్రేము బరువెక్కువ, గోడ పాతది, పైన మేకు నిలవదని నేను. గోడ సంగతి నాకే తెలుస్తుంది కాబట్టి నా మాటే నెగ్గింది. దొరగారు నేలకు జానెడు ఎత్తులోకి దిగి వచ్చారు.

తర్వాతి వేసవిలో ముసలాయన ఉతికిన పంచె కట్టుకుని పలాసలో రైలెక్కి వచ్చాడు. బొమ్మ ముందు తాడు కట్టి ఉంది. ముట్టరాదు అని బోర్డు ఉంది. ఆయన తాడు ఇవతలే చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. హాల్లో కాపలా ఉన్న అటెండరును, నువ్వెళ్ళి టీ తాగిరా, నేను చూసుకుంటాను అని పంపించేశాను. తాడు కొక్కెం నేనే తీశాను. ఆయన నా ముఖంలోకి చూసి వంగాడు.

అలా ఏటా ఒకసారి వచ్చేవాడు. ఒక ఏడు రాలేదు. ఆ తర్వాత రాలేదు. ఒట్టు వేయించుకున్నవారు లేరు, వేసినవారు లేరు, అందుకే ఇప్పుడు చెబుతున్నాను, అదీ పేర్లు లేకుండా.

ఇప్పటికీ ఆ మ్యూజియానికి వెళ్ళేవాళ్ళు చాలామంది ఆ కోటును, తురాయిని, పులిని చూసి రాజసం అంటే అదీ అనుకుంటూ ముందుకు పోతారు. మీరు వెళ్తే కిందికి చూడండి. కుడి కాలి బొటనవేలి మీద రంగు కొంచెం అరిగి ఉంటుంది. అరిగిన రంగును సరిచేయడమే నా ఉద్యోగం. రిటైరయ్యే రోజు దాకా నా కుంచెలు, రంగులు పక్క గదిలోనే ఉన్నాయి. ఆ ఒక్కచోట మాత్రం నేను మళ్ళీ రంగు వేయలేదు.